ఓటు లేని మేడమ్ గారు

1991వ సంవత్సరం జూలై ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, మన విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘంలో కార్యాలయాధికారిగా బాధ్యతలు స్వీకరించిన మా మేడమ్ గారు, గత నెలాఖరున, అదే గదిలో, అదే బల్ల వద్ద, చివరి కాగితం మీద సంతకం చేసి, కలానికి మూత పెట్టి, "ఇక మీ ఇష్టం" అని లేచారు. ఈ రెండు తేదీల నడుమ ఆ గది ఎన్ని తరాల విద్యార్థులను చూసిందో, ఎన్ని నినాదాలను ఆలకించిందో వివరించే భారాన్ని ఈ పదవీ విరమణ ప్రత్యేక సంచిక సంపాదకవర్గం నా భుజాల మీద మోపింది. వ్యాసం గంభీరంగాను, ఔచిత్యభరితంగాను ఉండాలని షరతు కూడా విధించింది. విద్యార్థి వ్యవహారాల విభాగం సూపరింటెండెంటుగా, చెక్క అడ్డుగోడకు ఇవతల కూర్చుని, అవతల వారి గదిలో జరిగినవన్నీ ఇన్నేళ్లూ విన్నవాణ్ణి గనుక ఈ పని నాకు తగినదే. గాంభీర్యం మాత్రం నా వల్ల ఎంతసేపు అవుతుందో నాకే తెలియదు. చదివేవారు కాస్త సర్దుకోవాలి.

పాఠకులలో మేడమ్ గారి బంధుమిత్రులు కూడా ఉన్నారు గనుక, ఆ ఉద్యోగం ఎటువంటిదో ముందుగా విన్నవించడం ధర్మం. విద్యార్థి సంఘం అనగానే జెండాలు, ఊరేగింపులు, గోడల మీద రంగు రాతలు తప్ప మరేమీ తోచని మహానుభావులు ఎందరో ఉన్నారు. మా బావమరిది వారిలో అగ్రగణ్యుడు. వాస్తవానికి అది ఒక చిన్న ప్రభుత్వం. ప్రతి సంవత్సరం విద్యార్థులు తమలో నుంచి ఒక అధ్యక్షుణ్ణి, ఒక కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు; వసతిగృహంలో మంచినీళ్ల దగ్గర నుంచి గ్రంథాలయం తెరిచే వేళల దాకా విద్యార్థుల పక్షాన అధికారులతో మాట్లాడేది ఆ కార్యవర్గం; ఆ కార్యవర్గాన్ని నిలదీసి అడిగేది విద్యార్థులందరూ కూర్చునే సర్వసభ్య సమావేశం. నడిపేవారు ఏడాదికోసారి మారిపోతారు, చదువు ముగించుకుని వెళ్లిపోతారు. వెళ్లిపోకుండా ఉండే మనిషి ఒక్కరే, కార్యాలయాధికారి. సమావేశాలు పిలవడం, ఎన్నికలు జరపడం, ఎత్తిన చేతులు లెక్కపెట్టడం, జరిగింది జరిగినట్టు రాయడం ఆ అధికారి విధులు. ఓటు వేసే హక్కు లేదు. సభలో అభిప్రాయం చెప్పే హక్కు అంతకన్నా లేదు. నాబోటివాడైతే వారం తిరక్కుండా కడుపుబ్బి చచ్చేవాడు.

వారు చేరిన తొలి సంవత్సరపు సమావేశాలు నాకు బాగా జ్ఞాపకం. ఒకరు మాట్లాడుతుంటే నలుగురు ఒంటికాలి మీద లేచేవారు. ఆ నలుగురినీ కూర్చోబెట్టడానికి మరో పదిమంది లేచేవారు. చివరికి ఏ విషయం మీద సమావేశమైనదీ మరచిపోయి అందరూ ఇళ్లకు వెళ్లేవారు. మేడమ్ గారు ఆ ఏడాదంతా కిక్కురుమనకుండా కూర్చుని పరిశీలించి ఒక సంగతి కనిపెట్టారు. నిలబడిన మనిషి గొంతు తనంతట తానే పెరుగుతుంది, కూర్చున్న మనిషి అరవడానికి కాస్త సిగ్గుపడతాడు. మరుసటి సంవత్సరం వారు ఈ సంగతిని కార్యవర్గం ముందుంచగా, సర్వసభ్య సమావేశం ఒక పద్ధతిని ఆమోదించింది. అధ్యక్షుడి బల్లకు ఎదురుగా, అంతే ఎత్తున, ఒక పేము కుర్చీ వేస్తారు. మాట్లాడదలచిన సభ్యుడు ఎవరైనా సరే, వచ్చి అందులో కూర్చునే మాట్లాడాలి. గడువు మూడు నిమిషాలు. గడువు నిండగానే మేడమ్ గారు బల్ల మీది ఇత్తడి గంట మోగిస్తారు. మాట సగంలో ఉన్నా లేవవలసిందే, అది అధ్యక్షుడి ప్రాణస్నేహితుడైనా, ఆగర్భశత్రువైనా.

అంతటితో గొడవలు అణిగిపోయాయని నేను అనను. పిల్లలన్నాక గొడవ ఉంటుంది, ఉండాలి కూడా. కాని గొడవకు ఒక వరుస వచ్చింది. ఎక్కడైనా వరుస తప్పితే మేడమ్ గారి నోట వెలువడే వాక్యం ఒక్కటే: "ఒక్క నిమిషం ఆగండి." అందులో కోపం ఉండదు, బతిమాలడం ఉండదు. కాలక్రమాన విద్యార్థులు వారికి 'గంట మేడమ్' అని నామకరణం చేశారు. ఆ పేరు వారి చెవిన పడింది. "పోనీలెండి, ఆగండమ్మ అనలేదు" అని నవ్వి ఊరుకున్నారు.

ఇక అభినందన వ్యాసమన్నాక ఒక ముచ్చట ఉండాలి. ఉన్నది.

ఆ రోజుల్లో మాకొక ఉపకులపతి గారు ఉండేవారు. విద్వాంసులు, కార్యదక్షులు, కొంచెం తొందర మనిషి. ఆ సంవత్సరం సంఘం ఎన్నికలు వాయిదా వేయాలని వారికి తోచింది. తోచిందే తడవుగా, కబురైనా లేకుండా, సర్వసభ్య సమావేశం జరుగుతున్న హాలులోకి నేరుగా విచ్చేశారు. హాలు నిండా జనం, కూర్చోవడానికి చోటు లేదు. కనిపించిన ఒకే ఒక ఖాళీ కుర్చీ, ఆ పేము కుర్చీ. వెళ్లి అందులో హుందాగా ఆసీనులయ్యారు. నేను గోడ వారన నిలబడి ఉన్నాను. 

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నారు మేడమ్ గారు. "అది సభ్యులు మాట్లాడే కుర్చీ."

"నేను మాట్లాడటానికే వచ్చానమ్మా."

"అతిథులు మాట్లాడాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి సార్. అడిగితే తప్పకుండా ఇస్తారు."

అధ్యక్షుడు అప్పటికే లేచి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, చొక్కా ఎప్పుడూ ఒక సైజు పొట్టి. ఉపకులపతి గారు మేడమ్ గారి వంక చూశారు, అధ్యక్షుడి వంక చూశారు, హాలు వంక చూశారు.  ఏమనుకున్నారో ఏమో, లేచి నిలబడి, "మాట్లాడవచ్చునా, అధ్యక్షా?" అని అడిగారు.

"మాట్లాడండి సార్... కూర్చుని మాట్లాడండి సార్... మూడు నిమిషాలు సార్," అన్నాడు ఆ పిల్లవాడు, ప్రతి మాటకూ ఒకసారి చచ్చి బతుకుతూ.

ఎన్నికలను వాయిదా వేయడం ఎందుకు అవసరమో ఉపకులపతి గారు ఉపోద్ఘాతం ప్రారంభించారు. ఉపోద్ఘాతం ముగియకముందే గంట మోగింది.  వారు నోరు తెరిచి, మూసి, లేచి, మేడమ్ గారికి ఒక నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఎన్నికలు అనుకున్న తేదీకే జరిగాయి. మేడమ్ గారికి మాత్రం నెల తిరక్కుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది, వసతిగృహాల విభాగానికి.

పిల్లలు భగ్గుమన్నారు. గెలిచినవారు, ఓడినవారు, జన్మలో ఒకరి ముఖం ఒకరు చూసుకోనివారు అందరూ ఒక్కటై సమ్మె చేస్తామని వచ్చారు. అడ్డుగోడ అవతల జరిగిన ఆ సంభాషణ నేను చెవులారా విన్నాను.

"వద్దు," అన్నారు మేడమ్ గారు.

"అన్యాయం కదా మేడమ్!"

"అన్యాయమో కాదో నేను పైకి రాసుకుంటాను, అది నా పని. మీరు నా కోసం సమ్మె చేశారనుకోండి, నేను మీ మనిషినైపోతాను. రేపు ఎన్నికల్లో ఓడినవాడు నా లెక్క ఎలా నమ్ముతాడు?"

పిల్లలు తలలూపి వెళ్లిపోయారు. నాకు మాత్రం పట్టరాని కోపం వచ్చింది, ఆవిడ మీదే. ఇంత మంచితనం దేనికండీ అని మనసులో ఎన్ని తిట్టుకున్నానో. వారు తమ సంచి, తమ నీళ్ల సీసా, కిటికీలోని రెండు పూలకుండీలు తీసుకుని వసతిగృహాల విభాగానికి నడిచి వెళ్లిపోయారు. గంటను బల్ల మీదే ఉంచారు.

వారి స్థానంలో వచ్చిన పెద్దమనిషి ఎవరో చెప్పను. నేటి అభినందన సభలో ముందు వరుసలోనే కూర్చుంటారు. ఆయన హయాంలో గంట మోగింది గాని ఎవరూ వినలేదు. ఎవరికి ముందు మోగించాలో, ఎవరికి ఆలస్యంగా మోగించాలో ఆయనకు కొన్ని లోపాయికారీ అభిప్రాయాలుండేవి, పిల్లలు వాటిని ఇట్టే పసిగట్టారు. ఏడాది గడిచాక ఉపకులపతి గారు ఏదో పని మీద మళ్లీ సమావేశానికి వచ్చి, అనుమతి కోరి, ఆ కుర్చీలో కూర్చుని, పిల్లల అరుపుల మధ్య సాయంత్రం దాకా ఒక్క వాక్యమైనా పూర్తి చేయలేకపోయారు. తల ప్రాణం తోకకొచ్చి బయటపడి మా విభాగంలోకి వచ్చి కూలబడి, "ఆ గంట మేడమ్‌ని వెనక్కి పిలిపించండయ్యా. ఆవిడున్నప్పుడు నాకు కనీసం మూడు నిమిషాలు దక్కేవి" అన్నారు. అలా మా మేడమ్ గారు తిరిగి వచ్చారు. పూలకుండీలు కూడా వచ్చాయి.

ఎవరి పక్షమూ వహించకపోవడం సుఖమైన పని అని అనుకునేవారు ఉంటారు. ఆవిడను 'గోడ మీద పిల్లి' అన్నవారూ ఉన్నారు, నా ఎదుటే అన్నారు, నా చేత చీవాట్లు తిన్నారు. ఆ నిష్పాక్షికతకు ఇంట్లో ఏం మూల్యం చెల్లించారో నాకు తెలుసు. వారి భర్తగారు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులు, సరసులు. "మా ఇంట్లో ఈల నాది, గంట ఆవిడది. ఈల ఎంత ఊదినా కుక్కపిల్ల కూడా కదలదు" అంటారు. వారి ఏకైక కుమార్తె ఈ విశ్వవిద్యాలయంలోనే చదివింది, సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేసింది. ఆ ఒక్క సంవత్సరం మేడమ్ గారు తనంతట తాను ఎన్నిక బాధ్యత నుంచి తప్పుకుని, ఆ పని నాకు అప్పగించి, లెక్కింపు గది ఛాయలకు కూడా రాలేదు. అమ్మాయి ఓడిపోయింది. ఫలితం నేనే ప్రకటించాను. ఇన్నేళ్ల సర్వీసులో అంత చేదు పని మరొకటి చేయలేదు.

ఆ సాయంత్రం నేను వారింటికి వెళితే, అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని ఉంది. తల్లి పక్కన కూర్చుని వీపు నిమురుతున్నారు.

"అమ్మా, నువ్వు ఎవరికి వేసేదానివి?" అంది ఆ పిల్ల, దిండులోంచి.

"నాకు ఓటు లేదు కదమ్మా."

"ఉంటే?"

"ఉన్నప్పుడు అడుగు."

ఆ జవాబుకు పిల్ల చాలా రోజులు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. నాకే చివుక్కుమంది, నీకే వేసేదాన్ని అంటే ఏం పోయింది? కాని మర్నాడు ఆ అమ్మాయే ముఖం కడుక్కుని సమావేశానికి వచ్చి, పేము కుర్చీలో కూర్చుని, తనను ఓడించిన కొత్త అధ్యక్షుణ్ణి గ్రంథాలయ వేళల గురించి నిలదీసింది. ఎన్నికల మర్నాడు మామూలుగా తన పనిలోకి వచ్చిన తల్లి, గడువు నిండగానే గంట మోగించారు. ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కానివ్వలేదు.

ఇప్పుడు ఈ సంవత్సరపు విషయానికి వస్తాను. ఇక్కడ నా గాంభీర్యం సడలిపోతుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

మేడమ్ గారి పదవీ విరమణతో ఆ పోస్టును రద్దు చేయాలని, ఎన్నికలకు బదులు ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థులను అధికారులే ఎంపిక చేసి ఒక నామినేటెడ్ కమిటీ వేయాలని విశ్వవిద్యాలయం ఒక ప్రతిపాదన పంపింది. విద్యార్థుల సమ్మతి లేనిదే అమలు చేయబోమని కూడా అన్నది. ఆ మర్యాదకు సంతోషం. చిత్రమేమంటే, ఆ ప్రతిపాదనను బలపరిచింది సంఘం అధ్యక్షురాలే. రసాయనశాస్త్రం ఆఖరి సంవత్సరం, చురుకైన పిల్ల, మాటకు మాట అప్పజెబుతుంది. "ఓటేయడానికి ఎవరూ రావట్లేదు సార్. ఎవరికీ పట్టని ఎన్నికని ఎన్నాళ్లు మోస్తాం?" అని నన్నే అడిగింది.  పిల్ల చెప్పింది అబద్ధం కాదు.

సర్వసభ్య సమావేశం మేడమ్ గారి విరమణ తరువాతి వారానికి నిర్ణయమైంది. నాకు నిద్ర పట్టలేదు. ఆ కుర్చీ, ఆ గంట, ఆ పద్ధతి, జీవితమంతా పోసి పెంచిన దాన్ని ఒక్క సాయంత్రంలో చేతులెత్తి మూసేస్తారేమోనని భయం. వారి ఆఖరి రోజులలో ఒకనాడు అడ్డుగోడ దాటి వెళ్లి బతిమాలాను.

"ఒక్క మాట అనండి మేడమ్. ఆ పిల్లని పిలిచి, ఇది తప్పమ్మా అనండి చాలు. మీ మాటకు విలువుంది."

"విలువుందనే అనను, సూపరింటెండెంటు గారూ."

"మరి మీకు బాధగా లేదా?"

వారు కుండీలోని మొక్కకు నీళ్లు పోస్తున్నారు. పోస్తూ పోస్తూ ఆగారు. "ఎందుకు లేదండీ, చాలా ఉంది," అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వారి కంట తడి చూడటం అదే మొదటిసారి. నేను ఇవతలికి వచ్చేశాను.

వారు వెళ్లిపోయారు. కొత్త ఏర్పాటు జరిగేదాకా ఆ బాధ్యత నాకే తగిలించారు గనుక, సమావేశం నాడు గంట పక్కన కూర్చున్నది నేనే. అధ్యక్షురాలు ప్రతిపాదన చదివింది. అనుకూలంగా కొందరు, ప్రతికూలంగా కొందరు వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడి వెళ్లారు. గాలి ప్రతిపాదన వైపే వీస్తున్నట్టు నాకు అనిపించింది. అంతలో హాలు వెనక కలకలం. తిరిగి చూస్తే, మా మేడమ్ గారు. సంచి లేదు, రిజిస్టరు లేదు. మెడలో విద్యార్థుల గుర్తింపు కార్డు వేలాడుతోంది. నిదానంగా నడిచి వచ్చి, ఇన్నేళ్లూ తన ఎదుట ఉండి ఒక్కసారైనా తాను కూర్చోని ఆ పేము కుర్చీలో కూర్చున్నారు.

"మేడమ్, సభ్యులు మాత్రమే..." అంది అధ్యక్షురాలు, ఇబ్బందిగా.

"సభ్యురాలినే అమ్మా. మొన్నే చేరాను. కుండీ మొక్కల పెంపకం సర్టిఫికెట్ కోర్సు, సాయంత్రం బ్యాచ్."

హాలు గొల్లుమంది. అధ్యక్షురాలు కార్డు తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, తిరిగి ఇచ్చి, "మాట్లాడండి" అంది.

"ఓట్లు తగ్గాయని అధ్యక్షురాలు అన్నది నిజం," అని మొదలుపెట్టారు. "నేనే లెక్కపెట్టాను, కాదని ఎలా అంటాను? ఈ అమ్మాయి ఏడాదంతా ఎంత కష్టపడిందో కూడా చూశాను. కానీ పైవాళ్లు ఏరి కూర్చోబెట్టినవాళ్లు ఎవరికి జవాబు చెప్తారు? ఏరినవాళ్లకి చెప్తారు. మీకెందుకు చెప్తారు? మీరు గెలిపించినవాడు పని చెయ్యకపోతే వచ్చే ఏడాది దించేస్తారు. వాళ్లు ఏరినవాణ్ణి ఎవరు దించుతారు? జనం రాకపోతే జనం దగ్గరికి పెట్టెలు పట్టుకెళ్దాం, అంతేగానీ పెట్టెలే తీసేస్తామా? ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లు నాకు సగం గుర్తులేవు. ఓడిపోయినవాళ్లు గుర్తున్నారు. రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే వచ్చి, గెలిచినవాడికి ఎదురుగా ఇదే కుర్చీలో కూర్చుని ప్రశ్న అడిగినవాళ్లు. మా అమ్మాయి కూడా. అది ఏ క్లాసులోనూ చెప్పరమ్మా. ఇక్కడ నేర్చుకోకపోతే ఇంక మీరు ఎక్కడ..."

గడియారంలో మూడు నిమిషాలు నిండాయి. నేను చూశాను. చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్లకు నోరు విప్పిన మనిషి మాటను నరకడానికి నాకు చేతులు రాలేదు.

"ఒక్క నిమిషం ఆగండి మేడమ్," అంది అధ్యక్షురాలు. "టైం అయిపోయింది." నా వైపు తిరిగి, "గంట కొట్టలేదేం సార్?" అంది.

నేను కొట్టాను. మేడమ్ గారు సగం మాటను అక్కడే వదిలేసి లేచారు. ఆ పిల్లను చూస్తూ ఆవిడ ముఖం ఎంత వెలిగిపోయిందో, నాకు వర్ణించడం చేతకాదు. వెళ్లి అయిదో వరుస చివర కూర్చున్నారు.

ఓటింగు మొదలైంది. అనుకూలంగా ఎత్తిన చేతులు లెక్కపెట్టాను. తరువాత, "వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అంది అధ్యక్షురాలు. నేను మొదటి వరుస నుంచి ఒక్కొక్కటే లెక్కిస్తూ అయిదో వరుస చివరికి వచ్చాను. మేడమ్ గారి చెయ్యి మొదట చెవిదాకా లేచి ఆగింది. అలవాటు లేదు కదా. ఆ తరువాత పూర్తిగా, నిటారుగా లేచింది. అంతే, నేను లెక్క తప్పాను. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టవలసి వచ్చింది. పిల్లలు విసుక్కుంటూ చేతులు మార్చుకున్నారు. ఆవిడ మాత్రం నేను రెండోసారి వచ్చేదాకా దించలేదు.

ప్రతిపాదన వీగిపోయింది. అంతరం బాగానే ఉంది. ఆవిడ ఓటు లేకపోయినా వీగిపోయేదే, ఉన్నమాట చెప్పుకోవాలి. ఫలితం వినగానే అధ్యక్షురాలు ముఖం చిన్నబుచ్చుకుంది. గుక్క తిప్పుకుని, వచ్చే ఎన్నికలలో ఓటు పెట్టెలను తరగతి గదులకే తీసుకెళ్లాలని, కార్యాలయాధికారి పోస్టును కొనసాగించాలని తానే కొత్త తీర్మానం పెట్టింది. అది ఏకగ్రీవంగా నెగ్గింది. అధికారులు సానుకూలంగానే ఉన్నారని వినికిడి. నాకు నమ్మకం ఉంది.

ఆ సాయంత్రం మేడమ్ గారి అమ్మాయి ఉద్యోగం చేసే చోటు నుంచి నాకు ఫోన్ చేసింది.

"బాబాయ్, అమ్మ నిజంగా చెయ్యెత్తిందా?"

"ఎత్తిందమ్మా," అన్నాను. "రెండుసార్లు లెక్కపెట్టాను."

 అటు నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. ఇటు నా పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు.

మేడమ్ గారూ! ఇప్పుడు మీకు ఓటు ఉంది గనుక మీ అమ్మాయి ఆ పాత ప్రశ్న మళ్లీ అడుగుతుంది, జవాబు సిద్ధం చేసుకోండి. మీరు, మీ వారు ఆయురారోగ్యాలతో, ఈలా గంటా రెండూ మోగే ఆ ఇంట్లో నిండు నూరేళ్లు సుఖంగా వర్ధిల్లాలని, మీ కుండీలలో ప్రతి మొక్కా చిగురించాలని, సాయంత్రం బ్యాచ్ అయిపోతే మరో బ్యాచ్‌లో మీరు చేరుతూనే ఉండాలని, మీ కుడి భుజానికి ఏనాడూ ఏ నొప్పీ రాకూడదని మనసారా కోరుకుంటున్నాను. ఆ చెయ్యి లెక్కపెట్టడానికి నేనుండకపోయినా, ఎవరో ఒకరు ఉంటారు.